గణితంలో ముందు కావలసినది బోధనోపకరణాలా, ఉపాధ్యాయుల ధైర్యమా?

చర్చకు పెట్టినవారు: ఒక విద్యార్థి తండ్రి, గుత్తి

‘మన బడి నాడు–నేడు’ పనులు 2019లో మొదలయ్యాక మా వైపు ఉన్నత పాఠశాలల గదులు బాగుపడ్డాయి, 2023 నుంచి పాఠాలు చూపే ఐఎఫ్‌పీ తెరలు (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు) కూడా వచ్చాయి. అయినా త్రికోణమితి అనగానే పిల్లలు బెదురుతూనే ఉన్నారు. ఇకమీదట డబ్బు ఉపకరణాలకు కాక ఉపాధ్యాయుల శిక్షణకే పెట్టాలని నా వాదన.

గణిత స్కూల్ అసిస్టెంట్, ఆదోని

అయ్యా, శిక్షణను, ఉపకరణాలను రెండు వేరు పద్దులుగా చూడడమే నాకు అభ్యంతరం. కర్నూలులోని కొండారెడ్డి బురుజు ఎత్తు కనుక్కొమ్మని పదో తరగతి పిల్లలకు చెప్పామనుకుందాం. కోణమానినికి ఒక స్ట్రా అతికించి, దాని కేంద్రం నుంచి రాయి కట్టిన దారం వేలాడదీస్తే పరికరం సిద్ధం. స్ట్రాలోంచి బురుజు కొన చూసి, దారం చూపే కోణాన్ని 90 నుంచి తీసివేస్తే ఊర్ధ్వకోణం, అంటే కంటి మట్టం నుంచి చూపు పైకి లేచిన కోణం, వస్తుంది. దాని టాంజెంట్ విలువను బురుజుకు మనకు మధ్య దూరంతో గుణించి, చూసేవారి కంటి ఎత్తు కలపాలి. ఖర్చు దాదాపు ఏమీ లేదు. చిక్కంతా ఆ తర్వాతే ఉంది, ఎందుకంటే రెండు జట్లకు రెండు జవాబులు వస్తాయి, ఏది సరైనదని పిల్లలు అడుగుతారు. 20 మీటర్ల దూరంలో, 45 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ పొరపాటు జరిగితే ఎత్తులో సుమారు 70 సెంటీమీటర్లు తేడా వస్తుందని తాను స్వయంగా కొలిచి తెలుసుకున్న ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నను ఆనందంగా అందుకుంటాడు. ఎన్నడూ కొలవనివాడు పిల్లలను గదిలోకి పిలిచి నల్లబల్ల మీద లెక్క చేయిస్తాడు. అతన్ని నేను తప్పుపట్టను. చేతిలో పరికరం లేకుండా రోజంతా ఉపన్యాసాలు వినిపించే శిక్షణ ఈ ధైర్యాన్ని ఇవ్వలేదు.

ఉపాధ్యాయిని, కోసిగి మండలం

సార్ చెప్పిన పద్ధతి నాకెంతో నచ్చింది, కానీ అది పిల్లలు బడిలో ఉన్నప్పటి మాట. మా మండలాల నుంచి పత్తి, మిరప పనుల కాలంలో కుటుంబాలు గుంటూరు వైపు వలస పోతాయి. తిరిగి వచ్చిన పిల్లవాడికి బీజగణితంలో తప్పిపోయిన మెట్లన్నీ ఒక్కడికే మళ్లీ చెప్పే సమయం ఎంత ధైర్యమున్న ఉపాధ్యాయురాలికైనా దొరకదు. అక్కడ తెరమీద పాఠాన్ని మళ్లీ చూడగలగడం, ఎదురెదురు పుటల్లో తెలుగూ ఆంగ్లమూ ఉన్న పాఠ్యపుస్తకం వాడికి నిజమైన ఆసరా. దయచేసి వాటి నిధులు తగ్గించమని అడగకండి.

విద్యార్థి తండ్రి, గుత్తి

మేడమ్, వలస సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. తెరల నిధులు తగ్గించాలన్న మాట వదులుకుంటున్నాను. శిక్షణ విషయంలో మాత్రం సార్ మాటనే అడుగుతాను: చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ప్రతిసారీ ఒక గంట ఉపాధ్యాయులే ఇటువంటి కొలత ఒకటి చేసి, తమ జవాబుల్లో వచ్చిన తేడాలను చర్చించుకొనేలా చేయడానికి ఏమి అడ్డు?