16 బిట్ల స్కానర్‌కు డీమ్యాక్స్ 3.4, 14 బిట్ల దానికి 4.2. ఇదెట్లా?

ప్రశ్న (కర్నూలు):
మా నాన్న తీసిన స్లైడ్లు రెండు డబ్బాలున్నాయి, ఎక్కువగా యాగంటి, అహోబిలం. ఫంగస్ పట్టకముందే స్కాన్ చేసి పెట్టుకోవాలి. ఎప్సన్ వి600 చూస్తే 48 బిట్ కలర్, అంటే రంగుకు 16 బిట్లు, డీమ్యాక్స్ (స్కానర్ చదవగలిగే అతి గాఢమైన నలుపు) మాత్రం 3.4. పాత నికాన్ కూల్‌స్కాన్ వి ఈడీకి 14 బిట్లే, కానీ 4.2 అట. బిట్లు ఎక్కువుంటే నలుపులో వివరం ఎక్కువ రావాలి కదా? డబ్బు పెట్టేముందు టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (అనంతపురం):
అన్నా, ఆ 3.4, 4.2 రెండూ కొలిచేది ఒకటే కాదు. డీమ్యాక్స్ అంటే గరిష్ఠ డెన్సిటీ. డెన్సిటీ, అంటే ఫిల్మ్ ఎంత నల్లగా ఉందో చెప్పే అంకె, లాగరిథమ్ లెక్క. 3.0 అంటే వేసిన వెలుతురులో వెయ్యో వంతే ఫిల్మ్ దాటి వస్తుంది, 4.0 అంటే పదివేలో వంతు. ఒక్కో బిట్ పెరిగితే స్కానర్ వేరుచేసి చూపగల వెలుగు మెట్లు రెట్టింపవుతాయి, డెన్సిటీలో అది 0.3. 14 బిట్లకు 16384 మెట్లు, దాని లాగ్ 4.2. చూశారా, నికాన్ రాసింది సరిగ్గా అదే! కూల్‌స్కాన్ 5000కి 16 బిట్లు, 4.8 అని రాశారు, 65536కి లాగ్ కూడా అంతే. అది బిట్లు పెట్టే హద్దు, అంతకు మించి రాదని అర్థం, అంతా వస్తుందని కాదు. నిజంగా ఎంత వస్తుందో తేల్చేది సెన్సర్ నాయిస్ (సెన్సర్ తనంతట తాను కలిపే చుక్కల గోల), లెన్స్‌లో చెదిరే వెలుతురు. కాటా మిల్లీగ్రాముల దాకా చూపించినా ఫ్యాను గాలికి అంకె ఊగుతుంటే చివరి అంకెలతో ఏం పని? ఎప్సన్ 16 బిట్లు పెట్టి కూడా 3.4 అనే రాసింది, నాకైతే ఆ అంకె మీదే నమ్మకం.

జవాబు (ప్రొద్దుటూరు):
పై లెక్క కరెక్టే, కానీ దాన్ని చూసి వి600 కొనేయకండి. ఫ్యూజీ వారి వెల్వియా లాంటి స్లైడ్ ఫిల్ముల్లో నలుపు 3.6 దాటుతుంది. కూల్‌స్కాన్ 4.2 అందుకోకపోయినా, ఫిల్మ్ కోసమే చేసిన మెషిన్ కాబట్టి చీకటి భాగాలు వి600 లాంటి ఫ్లాట్‌బెడ్ (అద్దం మీద పెట్టి స్కాన్ చేసే మెషిన్) కంటే బాగా తీస్తుంది. నెగటివ్‌లకైతే ఇంత గొడవ లేదు, బ్లాక్ అండ్ వైట్ వాటిలో డెన్సిటీ 2 దాటడమే తక్కువ, వి600 చాలు. ఇంకోటి, ఒకే చోటును చాలాసార్లు చదివి సగటు తీసే మల్టీ శాంప్లింగ్ ఉంటే వాడండి, 16 సార్లు చదివితే నాయిస్ నాలుగో వంతుకు దిగుతుంది. చెదిరిన వెలుతురు మాత్రం దాంతో పోదు. ఏ స్కానరైనా ఫైల్ 16 బిట్ టిఫ్‌లోనే పెట్టుకోండి, 8 బిట్‌లో పెట్టి తర్వాత నీడలు పైకి లేపితే చారలు పడతాయి.

ప్రశ్న వేసినవారు:
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. యాగంటిలో అగస్త్య గుహ మెట్ల స్లైడ్ ఒకటుంది, కిటికీ వెలుతురులో పట్టుకుంటే అంచులో రాతి పగుళ్లు కూడా కనిపిస్తాయి. అమ్మేవాళ్ల దగ్గరికి అదే తీసుకెళ్తా. అక్కడ ఏం చూడాలి?

జవాబు (ప్రొద్దుటూరు):
స్కాన్ చేయించి, ఫొటో ఎడిటర్‌లోని కర్వ్స్‌తో నీడలు బాగా లేపి చూడండి. పగుళ్లు కనబడితే తీసుకోండి, వాటి బదులు నీలం, ఊదా చుక్కలో, నిలువు గీతలో వస్తే వద్దు. నికాన్ పాత సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో సతాయిస్తుంది, స్కానర్ మాత్రం వ్యూస్కాన్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి.