అగ్రరాజ్యపు నిర్ణయాలను చిన్న మిత్రదేశాలు నిజంగా మార్చగలవా?

ప్రశ్న: జిజ్ఞాసువు

అమెరికా వంటి అగ్రరాజ్యంతో సైనిక ఒప్పందం ఉన్న చిన్న ప్రజాస్వామ్య దేశాలు ఆ అగ్రరాజ్యపు విదేశాంగ విధానాన్ని మార్చగలుగుతాయా, లేక ముందే జరిగిపోయిన నిర్ణయానికి మర్యాద కోసం వాటి చేత తల ఊపిస్తారా అన్నది నా సందేహం. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు బ్రిటన్ అమెరికా పక్కన నిలిచింది. ఫ్రాన్స్, జర్మనీ బహిరంగంగా వ్యతిరేకించాయి. యుద్ధం మాత్రం ఆగలేదు. పక్కన నిలిచినా ఎదురు నిలిచినా ఫలితం ఒకటే అయినప్పుడు మిత్రదేశాల ప్రభావం గురించి మాట్లాడటంలో అర్థం ఉందా? చిన్న దేశం మాట చెల్లిన సందర్భాలు ఉంటే, ఎందుకు చెల్లిందో కూడా వివరించగలరని మనవి.

చరిత్రపుటలు:

జిజ్ఞాసువు గారికి, ఇరాక్ నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ కథలో మీరు ప్రస్తావించని మిత్రదేశం మరొకటి ఉంది. దాదాపు 62,000 మంది అమెరికా సైనికులను తన భూభాగంలోకి అనుమతించే తీర్మానంపై 2003 మార్చి 1న టర్కీ పార్లమెంటు ఓటు వేసింది. అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు వచ్చాయి, 19 మంది తటస్థంగా ఉన్నారు. హాజరైనవారిలో సగానికి పైగా మద్దతు ఉండాలన్న నియమం వల్ల, అనుకూల ఓట్లే ఎక్కువైనా తీర్మానం వీగిపోయింది. దానితో ఉత్తరం వైపు నుంచి ఒక భారీ డివిజన్‌ను ఇరాక్‌లోకి నడిపించాలన్న పథకాన్ని అమెరికా వదులుకోవలసి వచ్చింది. యుద్ధం ఆగలేదన్న మీ మాట నిజమే, కాని అది జరిగిన తీరు మారింది.

దీని పక్కన బ్రిటన్ అనుభవాన్ని పెట్టి చూడండి. బ్రిటన్ ప్రధాని టోనీ బ్లేర్ 2002 జులైలోనే అమెరికా అధ్యక్షుడు బుష్‌కు రాసిన లేఖలో, ఏది ఏమైనా మీతోనే ఉంటానని హామీ ఇచ్చారు. విషయాన్ని ఐక్యరాజ్యసమితికి తీసుకువెళ్లాలని ఆయన పట్టుబట్టారు, ఆ నవంబరులో ఇరాక్ నిరాయుధీకరణపై భద్రతామండలి 1441వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది కూడా. అయితే ఇరాక్‌లో ఆయుధాల తనిఖీలకు మరింత సమయం ఇవ్వాలా వద్దా అన్న అసలు ఘట్టం వచ్చేసరికి బ్రిటన్ చేతిలో ఏమీ మిగలలేదు. అమెరికా నిర్ణయాలను ప్రభావితం చేయగల తన శక్తిని బ్లేర్ ఎక్కువగా అంచనా వేసుకున్నారని ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్రపై 2016లో వెలువడిన చిల్కాట్ విచారణ నివేదిక తేల్చింది. నా ఉద్దేశంలో బ్రిటన్ లోపం బలహీనత కాదు. ముందే ఇచ్చేసిన మద్దతుతో ఎవరూ బేరమాడలేరు. ఇవ్వకుండా ఆపుకోగలిగినది ఏదైనా ఉన్నంతకాలమే చిన్న దేశం మాటకు బరువు ఉంటుంది.

దౌత్యాసక్తి:

చరిత్రపుటలు గారి మాటను బలపరిచే పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1950 నవంబరు 30న, కొరియా యుద్ధంలోకి చైనా దిగిన రోజుల్లో, అణుబాంబు వాడకం ఎప్పుడూ పరిశీలనలో ఉన్న విషయమేనని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విలేకరులతో అన్నారు. బ్రిటన్ ప్రధాని అట్లీ కొద్ది రోజుల్లోనే విమానమెక్కి వాషింగ్టన్ చేరుకున్నారు. బ్రిటన్‌ను సంప్రదించకుండా బాంబు వాడబోనని ట్రూమన్ నోటిమాటగా చెప్పారు, కాని ఆయన సలహాదారులు దానిని రాతలోకి రానివ్వలేదు. చివరి ప్రకటనలో మిగిలింది, బాంబు వాడవలసిన పరిస్థితి రాకూడదన్న ఆశ, పరిణామాలను ప్రధానికి తెలియజేస్తుండాలన్న కోరిక మాత్రమే. కాని అమెరికా బాంబర్లు అప్పటికే బ్రిటన్ నేల మీద ఉన్నాయి. ఆ స్థావరాలను అత్యవసర సమయంలో వాడటం రెండు ప్రభుత్వాల ఉమ్మడి నిర్ణయమని 1952 జనవరిలో ట్రూమన్, అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ కలిసి చేసిన ప్రకటన రాతపూర్వకంగానే చెప్పింది. అదే అధ్యక్షుడు, అదే ఆయుధం, అదే మిత్రదేశం. స్నేహం పేరిట అడిగినప్పుడు దక్కని రాత, నేల పేరిట అడిగినప్పుడు దక్కింది.

ఆస్ట్రేలియా వాడుకున్నది సంతకాన్ని. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌తో ఉదారమైన శాంతి సంధి చేసుకోవాలని అమెరికా ఆత్రపడుతున్నప్పుడు, జపాన్ మళ్లీ సాయుధమవుతుందని భయపడిన ఆస్ట్రేలియా విదేశాంగ మంత్రి పెర్సీ స్పెండర్, భద్రతా హామీ ఇస్తేనే సంధికి ఒప్పుకుంటామన్న వైఖరి తీసుకున్నారు. 1951 సెప్టెంబరు 1న ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, అమెరికాల మధ్య భద్రతా ఒప్పందమైన ఆన్‌జస్ మీద, వారం తరువాత 8న జపాన్ సంధి మీద సంతకాలు జరిగాయి. మొదట్లో అటువంటి ఒప్పందంపై అంతగా ఆసక్తి లేని అగ్రరాజ్యం చేత ఒక చిన్న దేశం చేయించిన పని అది.

శాంతిపథికుడు:

పై ఇద్దరూ ప్రభుత్వాల మధ్య బేరం గురించే రాశారు. అగ్రరాజ్యం కూడా ప్రజాస్వామ్యమే కావడం వల్ల మరో ద్వారం ఉంది, అది చట్టసభ. ఐర్లాండ్ నాటోలో లేదు, ఇవ్వడానికి స్థావరాలూ లేవు. అయినా బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం) వల్ల, ఉత్తర ఐర్లాండ్‌లో శాంతికి ఆధారమైన 1998 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం దెబ్బతింటే బ్రిటన్‌తో అమెరికా వాణిజ్య ఒప్పందానికి అవకాశమే ఉండదని 2019లో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ డబ్లిన్‌కు వెళ్లి, ఐర్లాండ్ పార్లమెంటులోనే చెప్పారు. తైవాన్‌కు అమెరికాతో అధికారిక దౌత్య సంబంధాలే లేవు. 1995లో అధ్యక్షుడు లీ టెంగ్ హుయికి వీసా ఇవ్వాలని ప్రతినిధుల సభ 396-0తో, సెనేట్ 97-1తో కోరడంతో క్లింటన్ ప్రభుత్వం తన వైఖరిని మార్చుకుంది.

ఈ దారిని నేను నిస్సంకోచంగా మెచ్చుకోలేను. లీ పర్యటన తరువాత చైనా తైవాన్ సమీప జలాల్లోకి క్షిపణులు ప్రయోగించింది. 2015 మార్చిలో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహూ ఇరాన్ అణు ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ, అమెరికా అధ్యక్షుడిని పక్కనపెట్టి అక్కడి చట్టసభ కాంగ్రెస్ ముందు ప్రసంగించినా, ఆ ఒప్పందం జులైలో కుదిరింది. చిన్న దేశం గెలిచిన ప్రతిచోటా మంచే జరుగుతుందని అనుకోవడం పొరపాటు.

జిజ్ఞాసువు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. నేలను, సంతకాన్ని ఇవ్వకుండా ఆపితే అగ్రరాజ్యం మిత్రత్వాన్నే తెంచుకోదా?

చరిత్రపుటలు:

ఆ ప్రమాదం నిజమైనదే, న్యూజీలాండ్ దానిని ఎదుర్కొన్నది కూడా. 1984లో గెలిచిన డేవిడ్ లాంగీ ప్రభుత్వం అణ్వాయుధాలున్న నౌకలను తన రేవుల్లోకి రానివ్వబోమని ప్రకటించింది. తమ నౌకల్లో అణ్వాయుధాలు ఉన్నాయో లేవో చెప్పకపోవడం అమెరికా విధానం కాబట్టి, 1985లో బుకానన్ అనే యుద్ధనౌక రాకకు న్యూజీలాండ్ అనుమతి నిరాకరించింది. మరుసటి ఏడాది అమెరికా ఆ దేశానికి ఆన్‌జస్ కింద ఇచ్చిన రక్షణ హామీని నిలిపివేసింది. నౌకల విషయంలో అమెరికా తన విధానాన్ని ఒక చిన్న దేశం కోసం మార్చుకోలేదు. న్యూజీలాండ్ కూడా వెనక్కి తగ్గలేదు, 1987లో తన నిషేధాన్ని చట్టంగా మార్చింది. ఆ చట్టం అలాగే ఉండగా, 2016 నవంబరులో శాంప్సన్ అనే అమెరికా యుద్ధనౌక న్యూజీలాండ్ జలాల్లోకి వచ్చింది. అణ్వాయుధాలు లేవని న్యూజీలాండ్ ప్రధాని నిర్ధారించుకుని, చట్టప్రకారం అనుమతి ఇచ్చిన తరువాతే వచ్చింది.