హన్మకొండలో మొదటిసారి కలవాలంటే ఎక్కడ? చుట్టాలు కనపడని చోటు చెప్పండి

కాజీపేట_ప్యాసింజర్:
డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయితో కొన్నాళ్ళుగా చాటింగ్ నడుస్తోంది. శనివారం కలుద్దామంది. ఆమెది సుబేదారి వైపు, మాది కాజీపేట. భద్రకాళి బండ్ అనుకున్నా గానీ, సాయంత్రం అక్కడ వాకింగ్ చేసేవాళ్ళలో సగం మంది మా నాన్న ఆఫీసు వాళ్ళే. ఎక్కడికి పోవాలి? నవ్వకుండా చెప్పండి.

నక్కలగుట్ట_నాని:
ముందే నవ్వేశాం. వేయిస్తంభాల గుడి మాత్రం వద్దు తమ్మీ. మా బంధువుల్లో పెళ్ళిచూపులన్నీ "ఊరికే గుడికి వచ్చాం" అంటూ అక్కడే అవుతాయి. మీ ఇద్దరినీ చూసి ఎవరో ఒకరు కట్నం దాకా పోతారు.

ఒక_కిలోమీటరు_దూరం:
హైదరాబాద్‌లో యాప్ తెరిస్తే అందరూ కొత్త మొహాలే. ఇక్కడ ఒక కిలోమీటరు అని చూపించిందంటే వాడు మన గల్లీ వాడే. నాకోసారి మా మేనబావ వచ్చాడు. "ట్రావెలర్, డాగ్ లవర్" అట! వాళ్ళింట్లో కుక్క లేదు. ఊరు దాటి పోయేది మేడారం జాతరకే, అదీ రెండేళ్ళకోసారి. వద్దని చప్పున ఎడమకు తోసేశా. ఆ తర్వాత బతుకమ్మ పండక్కి మా ఇంటికొచ్చి, చాయ్ తాగినంతసేపు గోడ మీద క్యాలెండరే చూశాడు. వాడికీ నేను కనపడ్డట్టే ఉంది.

పాలంపేట_బస్సు:
రామప్పకు పోండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, కానీ ఎక్కువ మంది బయటివాళ్ళే. మాట్లాడటానికేం తోచకపోతే నీళ్ళ మీద తేలే ఇటుకల సంగతి ఎత్తుకో.

ఒక_కిలోమీటరు_దూరం:
అన్నా, మొదటిసారే అంత దూరమా? ఏ అమ్మాయీ రాదు, రావద్దు కూడా. పట్టపగలు, పదిమంది తిరిగే చోట, ఎవరి బండి మీద వాళ్ళు. నేనైతే ఫ్రెండ్‌కి లైవ్ లొకేషన్ పెట్టే పోతా. రామప్ప, లక్నవరం తర్వాత చూసుకోవచ్చు. అసలు చోటు ఆమెనే చెప్పమను.

ములుగు_రోడ్డు:
ఖిలా వరంగల్ బెస్ట్. టూరిస్టులు, ఫొటోలు, ఎవరి గోల వాళ్ళది. కాకపోతే మధ్యలో శివాలయం కూలిపోయి నాలుగు కీర్తి తోరణాలే నిలబడ్డాయి. రాష్ట్ర చిహ్నంలో ఎక్కినంత అందం ఉంది గానీ, చిన్నమ్మ ఎదురైతే దాక్కోవడానికి ఒక్క గోడ లేదు. ఇంకోటి, జేబులో నోట్లు పెట్టుకో. మా ఫ్రెండ్ యాప్‌లో ఏదో స్టైల్ పేరు పెట్టుకున్నాడు. హోటల్లో ఆమె తన సగం వాటా ఫోన్‌పే చేయబోతే స్క్రీన్ మీద మావాడి నాన్న పేరు పడింది.

కాజీపేట_ప్యాసింజర్:
అప్‌డేట్. ఆమె కూడా ఖిలానే అంది. పోయాం. తోరణం కింద నిలబడి ఫొటో తీస్తుంటే స్కూలు పిల్లల లైను వచ్చింది. వెనకాల టీచర్. ఆమె చిన్నమ్మ!
"ఈ అబ్బాయెవరే?"
"గైడ్, చిన్నమ్మా."
ఒక్క సెకను కూడా ఆలోచించలేదు మేడం. చిన్నమ్మేమో సంతోషపడి, "అయితే మా పిల్లలకు కూడా చెప్పు బాబూ" అంది. చెప్పా, ఏం చేస్తాం. గణపతిదేవుడు, ఆ తర్వాత ప్రతాపరుద్రుడు అన్నా. ముందు వరుసలో ఉన్న బుడ్డోడు "మధ్యలో రుద్రమదేవి సార్" అన్నాడు. ఈమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. పోతూ పోతూ చిన్నమ్మ నా చేతిలో వంద పెట్టింది.

నక్కలగుట్ట_నాని:
చదువుకుని పో తమ్మీ, ఈసారి ఖుష్ మహల్ గురించి అడుగుతారు. ఆ వంద ఏం చేశావ్?

కాజీపేట_ప్యాసింజర్:
మిర్చి బజ్జీలు తిన్నాం. చిల్లర ఆమె దగ్గరే ఉంది. వచ్చే శనివారం లెక్క చెప్తానంది.

ఒక_కిలోమీటరు_దూరం:
ఈసారి చిన్నమ్మ డ్యూటీ ఎక్కడో ముందే కనుక్కోండి.