బెజవాడ ఎండాకాలంలో దాచిన స్టౌట్ (నల్ల బీరు) సీసా, తాగొచ్చా?

మా బావ డిసెంబర్లో బెల్జియం నుంచి వస్తూ, అక్కడ చిన్న బ్రూవరీవాళ్లు చలికాలానికే వదిలే స్టౌట్ సీసా ఒకటి తెచ్చిచ్చాడు. 10 శాతం ఆల్కహాల్. మాడే దాకా వేయించిన బార్లీతో చేస్తారు కాబట్టి మన డికాషన్ కంటే నలుపు. దాస్తే రుచి ఇంకా పెరుగుతుందన్నాడని బీరువా పైన పెట్టేశా. మేలో బెజవాడ సంగతి తెలిసిందేగా!

మొన్న దించి చూస్తే అడుగున సన్నటి బూడిదరంగు మడ్డి. అది బీరు పులియబెట్టే ఈస్టేనా, పాడైందా? మూత దగ్గర కారిన గుర్తులేం లేవు. ఇప్పుడు ఫ్రిజ్‌లో నిలబెట్టా, అమ్మకి కషాయమని చెప్పి. పైది మెల్లగా వంచుకుని మడ్డి వదిలేస్తే చాలా? వేడికి చెడితే తడిసిన అట్టముక్క వాసనొస్తుందని విన్నా. ఇలా దాచి తాగినవాళ్లుంటే చెప్పండి, దసరాకి బావ వస్తున్నాడు.