సిలికాన్ మెరుస్తుందా, వెలుగుతుందా?

మిత్రులారా, కాంతినిచ్చే సిలికాన్ నానో రేణువుల గురించి పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. ‘మెరిసే సిలికాన్’ అని మొదలుపెట్టాను. మా అమ్మాయి చదివి, ‘‘మెరిసేది చిప్పులు చేసే పలక కదా నాన్నా, ఇది వెలిగేది’’ అంది. నిజమే, నునుపు చేసిన సిలికాన్ పలకలో ముఖం చూసుకోవచ్చు. కాంతినివ్వడం మాత్రం దానికి దాదాపు చేతకాదు. అదే సిలికాన్ ఐదు నానోమీటర్ల లోపు నలుసైతే, అతినీలలోహిత కాంతి పడగానే ఎర్రగా వెలుగుతుంది. 1990లో ఇంగ్లండులో లీ కానమ్, ఆమ్లంతో సన్నగా తొలిచిన సిలికాన్‌లో గది ఉష్ణోగ్రత దగ్గరే ఈ వెలుగు చూపించాడు. మెరుపు అరువుది, వెలుగు సొంతం అనుకోవచ్చా?

— ఆకాశంలో మెరుపు ఎవరి దగ్గర అరువు తెచ్చుకుంది మాస్టారూ? తేడా నిలకడలో ఉంది. మెరుపు క్షణంలో పోతుంది, దీపం వెలుగుతూ ఉంటుంది. పైగా మీ రేణువుదీ అరువే, అతినీలలోహితం తాగి ఎరుపు కక్కుతోంది.

— ఆ నిలకడే అసలు చిక్కు. ఈ రేణువులతో కొన్నేళ్లు పనిచేశాను. ఆమ్లంలోంచి తీసినప్పుడు ఒంటినిండా హైడ్రోజన్ ఉంటుంది. గాలి తగిలితే ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. రంగు మారుతుంది, వెలుగు తగ్గుతుంది. అందుకే గాలి చొరని పాత్రలో డోడెసీన్ అనే కార్బన్ గొలుసుల ద్రవం పోసి వేడి చేస్తాం. మొదట మడ్డిగా ఉన్న ద్రవం, పొడవాటి కార్బన్ గొలుసులు సిలికాన్‌ను పట్టుకునేకొద్దీ తేటబడుతుంది. దీన్ని ‘పూత’ అని రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. గోడకు వేసిన పూత గీకితే రాలుతుంది. ఇది రసాయన బంధం. చూడడానికి కడిమి పువ్వు అనుకోండి, బంతి చుట్టూ కేసరాలు.

— అయితే ‘అంటు’ అనండి.

— అంటువ్యాధి గుర్తుకు రాదూ?

— ‘కట్టు’ చేర్చండి. ‘అంటు కట్టిన’ అనగానే మాట మామిడితోటకు వెళ్లిపోతుంది.

— నిలకడ అన్నవారికి ఒక మాట. సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క రేణువునూ విడిగా చూస్తే ఆగి ఆగి వెలుగుతుంది. కోట్ల రేణువులు కలిసి ఉండడంవల్ల మన కంటికి ఆ ఆగడం తెలియదు. దానికి ‘మినుకుమినుకుమనడం’ సిద్ధంగా ఉంది.

— అందరికీ కృతజ్ఞతలు. శీర్షిక ‘వెలిగే సిలికాన్’ అయింది. పూత తీసేసి అంటు కట్టాను. మినుకుకు ఇంకా చోటు వెతుకుతున్నాను.