సెల్‌ఫోన్ ఆట కదా అని గ్రేస్ మార్కులు వేయవచ్చా?

చిన్నతెర (చర్చ ప్రారంభం):

మిత్రులకు నమస్కారం. సెల్‌ఫోన్లలోనూ, చేతిలో పట్టుకుని ఆడే పరికరాల్లోనూ వచ్చే వీడియో గేముల సమీక్షలను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో ఒక వాక్యం ఏదో ఒక రూపంలో మళ్లీ మళ్లీ ఎదురవుతూ ఉంటుంది: సెల్‌ఫోన్ ఆటకు ఇది చాలు. ఆ వాక్యం వెనకాలే పదికి ఆరో, ఆరున్నరో మార్కులు పడతాయి. అప్పటిదాకా ఆటలోని లోపాలన్నీ ఏకరువు పెట్టిన సమీక్షకుడే, చివరికి వచ్చేసరికి, బస్సులో కూర్చుని పది నిమిషాలు ఆడుకునేదే కదా అని చూసీ చూడనట్టు వదిలేస్తాడు. నా అభ్యంతరమంతా ఈ దాక్షిణ్యం మీదే. తెర చిన్నదైనంత మాత్రాన ఆటకు మార్కులు కలపకూడదని నా వాదన. మీలో చాలామంది ఒప్పుకోరని తెలిసే దీన్ని చర్చకు పెడుతున్నాను.

1989లో నింటెండో గేమ్‌బాయ్ వచ్చినప్పుడు దాని తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు. రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే ఉండేవి. వేగంగా కదిలే బొమ్మ వెనక మసక చార ఒకటి మిగిలిపోయేది. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన గున్‌పెయి యొకోయ్, పాతబడి చవకైపోయిన సాంకేతికతనే కొత్త కోణంలో వాడుకోవాలని నమ్మిన మనిషి. అమెరికాలో ఆ పరికరంతో పాటు ఇచ్చిన టెట్రిస్ సంగతి చూడండి. పలకలు నింపాదిగా పైనుంచి కిందికి దిగుతాయి కాబట్టి ఆ మసక చార ఆటకు అడ్డు రాదు. పలకను దాని ఆకారమే పట్టిస్తుంది కాబట్టి రంగు లేదన్న లోటు తెలియదు. దిగాల్సిన స్టాపు వచ్చిందంటే ఆపేసి లేచిపోవచ్చు. ఎవరి దాక్షిణ్యమూ దానికి అవసరం పడలేదు.

ఇక 2012 మే నెలలో సోనీ వారి చేతిపరికరం ప్లేస్టేషన్ వీటాకు వచ్చిన తుపాకుల ఆట రెసిస్టెన్స్: బర్నింగ్ స్కైస్‌ను దాని పక్కన పెట్టండి. చేతిలో పట్టే పరికరానికి ఇన్ని హంగులా అనిపించేంతగా వీటాకు బొటనవేళ్లతో తిప్పే రెండు అనలాగ్ స్టిక్కులు, మీటలు, టచ్ తెర అన్నీ ఉన్నాయి. అయినా ఈ ఆటలో గొడ్డలితో కొట్టాలంటే తెరమీది గొడ్డలి గుర్తును తాకాలి. గ్రెనేడ్ విసరాలంటే దాన్ని వేలితో లాక్కెళ్లి లక్ష్యం మీద వదలాలి. అంటే శత్రువు మీదికి వచ్చి పడుతున్న క్షణంలోనే, గురి చూడాల్సిన బొటనవేలు స్టిక్కును వదిలి తెరమీదికి పోవాలి. ఇందులో పరికరం తప్పేమీ లేదు. మీటలు ఉండగానే తెరను వాడి తీరాలన్న పట్టుదల తెచ్చిన తంటా ఇది. సమీక్షల మార్కులన్నీ కలిపి వందకు సగటు చూపే మెటాక్రిటిక్ వెబ్‌సైటులో ఈ ఆట 60 దగ్గర ఆగింది. అత్తెసరు మార్కులే, నిజమే. కానీ ఆ 60 దాక్షిణ్యం కలిపాక వచ్చిందా, కలపకముందు వచ్చిందా అన్నది చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

కృష్ణాతీరం:

చిన్నతెర గారూ, టెట్రిస్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. అయితే అన్నిటికీ ఒకే కొలబద్ద ఉండాలన్న మాటతోనే నాకు పేచీ. మీరు దాక్షిణ్యం అంటున్నదాన్ని నేను సందర్భం అంటాను. పెళ్లిభోజనాన్నీ, ప్లాట్‌ఫాం మీద కొనుక్కున్న పులిహోర పొట్లాన్నీ ఒకే తీరున తూచం కదా.

1997లో నోకియా 6110 ఫోనులో వచ్చిన స్నేక్ ఆటను గుర్తు చేసుకోండి. తనేలి అర్మాంటో అనే ఇంజినీరు దాన్ని ఆ ఫోను కోసం రాశారు. అదే ఆటను అప్పటి ప్లేస్టేషన్ డిస్కు మీద అమ్మి ఉంటే ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదు. ఫోనులో, వేరే ఖర్చు లేకుండా, ఎవరి కోసమో ఎదురుచూస్తున్న పది నిమిషాల్లో దొరకడం వల్లే అది మనలో ఇంతమందికి జ్ఞాపకంగా మిగిలింది. నా తరం వాళ్లలో చాలామంది మొట్టమొదట ఆడిన వీడియో గేము అదే, లేదా దాని తరువాతి రూపం. ఆపైన జావా ఆటల కాలం వచ్చింది. మా ఊరి బస్టాండు పక్కన, మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించే దుకాణంలోనే ఆటలూ ఎక్కించేవారు. కార్డు ఇచ్చి గంట తరువాత వెళితే పదో పదిహేనో ఆటలు ఉండేవి. అందులో సగం మన ఫోను తెరకు సరిపోక అంచులు తెగిపోయి కనిపించేవి, మిగిలిన సగంలో ఒకటి రెండు బాగుండేవి, తక్కినవన్నీ అంతంతమాత్రం. ఆ అంతంతమాత్రపు ఆటలే ఒక వేసవి సెలవులన్నీ నడిపించాయి. కొనలేనివాడికి, పెద్ద కన్సోల్ ఎప్పుడూ చూడనివాడికి అవి ఇచ్చింది చిన్నదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

ఇంకొక మాట. విమర్శ ఎప్పుడూ మెతకగానే ఉంటుందని కూడా నేను అనుకోను. 2016 డిసెంబరులో ఐఫోనుకు సూపర్ మారియో రన్ వచ్చింది. మొదటి అంకాలు (లెవెల్స్) కొన్ని ఉచితం, మిగిలిందంతా ఒకేసారి పది డాలర్లు. ఆపైన మళ్లీ ఏమీ అడగదు. ఈ వ్యాపార పద్ధతి ఆడేవాడికి ఎంతో మర్యాద ఇచ్చినట్టు. అయినా యాప్ స్టోర్‌లో ఒక్క నక్షత్రపు తీర్పులు వెల్లువెత్తాయి, ఎక్కువ భాగం ధర మీదే. సెల్‌ఫోన్ ఆట కాబట్టి ఉచితంగా ఉండాలన్న పట్టింపే దాన్ని దెబ్బతీసింది. కాబట్టి చిన్న తెర మీది ఆటకు దక్కేది ఎప్పుడూ కనికరమే అనలేము. అన్యాయమూ దక్కుతుంది.

ఆవలిగట్టు:

పరికరం వల్ల వచ్చిన లోపాన్ని ఆట ఖాతాలో వేయవచ్చా అన్న ప్రశ్నకు ఎన్-గేజ్ మంచి ఉదాహరణ. 2003లో నోకియా తెచ్చిన ఈ ఫోను ఆటల పరికరం కూడా. కానీ ఆట కార్డు మార్చాలంటే వెనక మూత తీసి బ్యాటరీ బయటికి లాగాలి, అంటే ఫోను ఆగిపోవాలి. మరుసటి ఏడు వచ్చిన ఎన్-గేజ్ క్యూడీలో దీన్ని సరిదిద్దారు. మొదటి రకంలో ఆడినవాడికి ప్రతి ఆటా కొంత చిరాకుతోనే మొదలైంది. దాన్ని సమీక్షకుడు లెక్కలోకి తీసుకోకూడదని నేను అనలేను, తీసుకోవాలని గట్టిగా చెప్పనూ లేను.

చిన్నతెర:

కృష్ణాతీరం గారూ, పులిహోర పొట్లం పోలిక నాకు నచ్చింది, దాన్నే పట్టుకుంటాను. పొట్లంలో లడ్డూ, గారె లేవని ఎవరూ ఫిర్యాదు చేయరు. కానీ పులిహోరలో పులుపు లేకపోతే, రైల్లో తినేదే కదా అని సర్దుకుపోతామా? ఆట ఎంత చిన్నదో అన్నది దాని మీద ఫిర్యాదు కాకూడదు, ఒప్పుకుంటాను. అది చేస్తానన్న చిన్న పనే సరిగా చేయకపోతే మాత్రం చిన్నతనం దానికి సాకు కాకూడదు. మీ స్నేక్ ఈ పరీక్షలో నెగ్గుతుంది. బర్నింగ్ స్కైస్ నెగ్గదు. 2012 నవంబరులో, ఆ ఆట తయారుచేసిన నిహిలిస్టిక్ సంస్థే వీటాకు కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ డీక్లాసిఫైడ్‌ను అందించింది. ఒంటరిగా ఆడే భాగమంతా కలిపి గంట సేపు. ధర దాదాపు యాభై డాలర్లు. ప్రయాణంలో ఆడేవాళ్ల కోసం చిన్న చిన్న ఘట్టాలుగా కోశామంటే వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ ఘట్టాల మధ్యలో చెక్‌పాయింట్లు (చనిపోతే తిరిగి మొదలుపెట్టే మజిలీలు) లేవు. చివరి నిమిషంలో చనిపోతే మళ్లీ మొదటికి రావాలి. ప్రయాణికుడి సౌకర్యం అన్న మాటకు అర్థమేముంది? సమీక్షకులు ఈ ఆటను మాత్రం వదల్లేదు; సగటు 33కు పడిపోయింది.

సూపర్ మారియో రన్ గురించి మీరు చెప్పింది నన్ను ఆలోచనలో పడేసింది. ఆ ఆటలో మారియో తనంతట తానే పరిగెడతాడు, మనం చేసేదల్లా తెరను తాకి ఎగరనివ్వడం. వేలు ఎంతసేపు నొక్కి ఉంచితే అంత ఎత్తుకు ఎగురుతాడు. విడుదలైనప్పుడు ఆరు లోకాలు, లోకానికి నాలుగు అంకాల చొప్పున మొత్తం 24. కథ చివరిదాకా పరిగెత్తితే అంతేనా అనిపిస్తుంది. కానీ ఒక అంకంలో దాచిన అయిదు గులాబీ నాణేలూ ఏరుకున్నాక అదే అంకంలో అయిదు ఊదా నాణేలు వేరే చోట్ల కనబడతాయి, వాటి తరువాత అయిదు నల్ల నాణేలు. నల్ల నాణేల కోసం వెళ్లినప్పుడు, మొదటిసారి పట్టించుకోకుండా దాటేసిన గోడే అసలు దారి అని తెలుస్తుంది: దాన్ని తాకి వెనక్కి ఎగిరి, అక్కడినుంచి పైఅరుగు మీదికి చేరాలి. ఒంటి చేత్తో, ఒక్క వేలితో ఆడే ఆటలో ఇంత లోతు తవ్వడం అసామాన్యం. అయితే అదే ఆట ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోదు. పైరసీ భయంతో పెట్టిన ఈ షరతు వల్ల, ఒంటి చేత్తో రైలు కమ్మీ పట్టుకుని ఆడుకోవాల్సిన ఆట, సిగ్నల్ పోయే చోట నిలిచిపోతుంది. మెటాక్రిటిక్ దీనికి ఇచ్చిన సగటు 76. అక్కడ 75 నుంచి ఆకుపచ్చ రంగు కాబట్టి ఒక్క మార్కుతో గట్టెక్కింది.

నాకు ఇప్పుడు తోస్తున్నదేమిటంటే, అంతంతమాత్రం అన్న మాట కింద రెండు వేర్వేరు జాతుల ఆటలు చేరిపోతున్నాయి. మొదటి జాతి ఆట ఆసాంతం చప్పగా ఉంటుంది, ఏదీ బాగోదు, ఏదీ మరీ చెడిపోదు. రెండో జాతి ఆటలో ఒకటి అద్భుతంగానూ, మరొకటి భరించలేనంతగానూ ఉంటుంది. సగటు తీస్తే రెండూ ఒకే చోట తేలతాయి. జపాను పత్రిక ఫామిత్సులో నలుగురు సమీక్షకులు తలా పది మార్కులకు తీర్పు చెబుతారు, మొత్తం 40. ఒక ఆటకు 28 వచ్చిందనుకుందాం. నలుగురూ ఏడేసి ఇచ్చారా, ఇద్దరు తొమ్మిదీ ఇద్దరు అయిదూ ఇచ్చారా అన్నది అక్కడ పక్కపక్కనే కనిపిస్తుంది. మొదటి రకం ఆటను నేను కొనను. రెండో రకాన్ని వెతికి మరీ కొంటాను.

మలుపు:

కొన్నేళ్ల కిందట ఒక చిన్న వెబ్ పత్రికకు సెల్‌ఫోన్ ఆటల సమీక్షలు రాశాను, అందుకని లోపలి సంగతి ఒకటి చెప్పగలను. ఒక్కో ఆటకు మాకు దొరికేది రెండు రోజులు. ఉచితంగా మొదలయ్యే ఆట మొదటి రెండు రోజులూ చేతికి ఎముక లేనట్టు ఇస్తుంది. డబ్బు కట్టమనే బిగింపు మొదలయ్యేది వారం దాటాక. మేము ఆడిన ఆట వేరు, పాఠకుడు నెల తరువాత ఆడబోయే ఆట వేరు. ఆరున్నర మార్కులు నేనూ వేశాను, చాలా వాటికి వేశాను. వాటిలో సగం, ఇంకా తెలియదు అని రాయాల్సిన చోట వేసినవే. ఆ సంగతి అప్పుడే పాఠకుడికి చెప్పి ఉండాల్సింది.

ఆట కూడా ఒకచోట నిలబడదు. 2019 సెప్టెంబరులో వచ్చిన మారియో కార్ట్ టూర్‌లో కొత్త డ్రైవర్లు కావాలంటే మొదట్లో కెంపులు (ఆటలోని డబ్బు) ఖర్చుపెట్టి, లోపల ఏముందో తెలియని గొట్టాన్ని పేల్చాల్సి వచ్చేది. అన్నిటికంటే వేగమైన 200 సీసీ పోటీలు కావాలంటే నెలకు అయిదు డాలర్ల గోల్డ్ పాస్ తీసుకోవాల్సి వచ్చేది. ఇతరులతో నేరుగా పోటీపడే సదుపాయం 2020 మార్చిలో గానీ రాలేదు. 2022లో గొట్టాలనే తీసేసి, కావలసింది చూసి కొనుక్కునే దుకాణం పెట్టారు. విడుదలైనప్పుడు పడ్డ మార్కులు మాత్రం ఇప్పటికీ అవే.

జనం ఇచ్చే నక్షత్రాలను నమ్ముదామంటే అదీ నిలవదు. 2014లో వచ్చిన సెల్‌ఫోన్ ఆట డంజన్ కీపర్‌లో ఒక్క రాతి గడి తవ్వడానికి రత్నాలు (ఆటలోని డబ్బు) చెల్లించకపోతే కొన్నిచోట్ల 24 గంటలు ఆగాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్‌లో ఆ ఆట మార్కులు వేయమని అడిగేటప్పుడు రెండే దారులు చూపేది: అయిదు నక్షత్రాలు అంటే స్టోర్‌కు తీసుకెళ్లేది, ఒకటి నుంచి నాలుగు అంటే సంస్థకు అభిప్రాయం పంపే పేజీకి మళ్లించేది. అంటే అసంతృప్తి ఉన్నవాడి మాట స్టోర్ దాకా చేరకుండా దారిలోనే ఆగిపోయేది. ఆటల సమీక్షల వెబ్‌సైటు యూరోగేమర్ దానికి పదికి ఒకటి ఇచ్చింది. దాన్ని ఉచితమని చెప్పుకున్న ప్రకటన తప్పుదోవ పట్టించేలా ఉందని బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ అదే ఏడాది జులైలో తేల్చింది.

కృష్ణాతీరం:

మలుపు గారు చెప్పిన రెండు రోజుల సంగతి చదివాక నా వాదనలో ఒక భాగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. సందర్భాన్ని బట్టి తూచాలని నేనన్నాను. సమీక్షకుడే ఆ సందర్భంలో ఆడనప్పుడు దాని పేరుతో మార్కులు కలపడం తప్పే. ఖరీదైన ఫోనులో, ఇంటి వైఫై మీద, సోఫాలో కూర్చుని ఆడి, బస్సులో బాగుంటుంది అని రాయడానికి అతనికి ఆధారమేమిటి? మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉన్నది పదివేల రూపాయల ఫోను. అరగంటకే అది వేడెక్కుతుంది, ఆట ఆగి ఆగి కదులుతుంది, కొత్త అప్‌డేటుకు చోటు చాలక పాత ఫొటోలు తీసేయాల్సి వస్తుంది. ఏ ఫోనులో ఆడారో, ఎన్నాళ్లు ఆడారో, ఎంత ఖర్చుపెట్టారో మూడు ముక్కల్లో రాయని సమీక్ష నాకు అక్కరకు రాదు.

కానీ ధర విషయంలో వెనక్కి తగ్గను. యాభై డాలర్ల ఆటలో క్షమించకూడని లోపాన్ని యాభై రూపాయల ఆటలో క్షమిస్తాను. దాన్ని దాక్షిణ్యమని ఎవరన్నా సరే.

చిన్నతెర:

ధర గురించి మీ మాట కాదనను. అయితే దాన్ని మార్కుల్లో కలపకుండా విడిగా చెప్పాలని కోరుతాను. మార్కుల్లో కలిపేస్తే ధర మారిన రోజున, లేదా మారియో కార్ట్ టూర్‌లో లాగా అమ్మే పద్ధతే మారిన రోజున, ఆ అంకెలో ఆటకు చెందిందెంతో, ధరకు చెందిందెంతో విడదీయడం ఎవరివల్లా కాదు. ఆవలిగట్టు గారి ఎన్-గేజ్ ప్రశ్నకూ నా జవాబు ఇదే: బ్యాటరీ తీయాల్సి వచ్చిందని రాయండి, ఎంత చిరాకేసిందో రాయండి, దాన్ని మాత్రం పరికరం పద్దులోనే ఉంచండి.

సూపర్ మారియో రన్ మీద నన్నే రాయమంటే ఇలా రాస్తాను. నల్ల నాణేల దాకా వెళ్లే ఓపిక ఉన్నవారికి ఇది ఒంటి వేలితో ఆడే ఆటల్లో మేలైనది. ఒక్కసారి ఆడి పక్కన పెట్టేవారికి పది డాలర్లు ఎక్కువ. సిగ్నల్ లేని దారిలో రోజూ ప్రయాణించేవారు కొనవద్దు. ఈ మూడు వాక్యాలకు కలిపి ఒక అంకె వేయమంటే నాకు చేతకాదు, వేయను.