అప్‌డేట్: పాత రిలీజ్ పద్ధతిని వదలని మా బృందంలో వచ్చిన మార్పు

మాదాపూర్‌లోని మా 14 మంది సంస్థలో కోడ్‌ను చేత్తో సర్వర్‌లోకి ఎక్కించే పద్ధతిని మాన్పించి, గిట్‌నూ (కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసి ఉంచే సాధనం), ఆటోమేటెడ్ టెస్టులనూ (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో వాటంతటవే పరీక్షించే చిన్న ప్రోగ్రాములు) ఎలా అలవాటు చేయాలని మూడు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. ఎక్కువగా వ్యతిరేకిస్తున్నవారి మాట ముందు వినమన్న సలహానే పాటించాను.

తొమ్మిదేళ్లుగా ప్రతి రిలీజ్‌నూ చూస్తున్న మా సీనియర్ ఒక పాత నోటుపుస్తకం తెచ్చి చూపించారు. ఏ ఫైలు తర్వాత ఏది ఎక్కించాలో, ఏ కస్టమర్‌కు ఏ సెట్టింగ్ మార్చాలో అంతా నీలి సిరాతో రాసి ఉంది. తప్పు జరిగినచోటల్లా ఎర్ర గీత ఉంది. ఆయన భయం గిట్ గురించి కాదు, ఆ అనుభవానికి విలువ లేకుండా పోతుందేమోనని. దాన్ని మొండితనమనుకోవడం నా పొరపాటు. కొత్తది నిలవాలంటే ముందు పాత అలవాటు కరగాలని మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1947లోనే రాశారు. మా దగ్గర అది కరిగింది ఆ పుస్తకం తెరిచినప్పుడే.

ఆ ఎర్ర గీతలనే ఒక్కొక్క టెస్టుగా ఆయన చేతనే రాయించాం. రెండో వారంలోనే వాటిలో ఒకటి, జీఎస్టీ లెక్కలో పైసల రౌండింగ్ తప్పును, రిలీజ్‌కు ముందే పట్టుకుంది. ఆ రోజు మిగతావారికి ఆయనే దగ్గరుండి చూపించారు.

ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. వారు చూసే సాఫ్ట్‌వేర్ భాగాన్ని ప్రస్తుతానికి పాత పద్ధతిలోనే ఉంచాం.